బస లోపలా, బయటా?

(రేడియోలో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



తిరుపతి వెళ్ళొచ్చినవాళ్ళని మనం ముందుగా అడిగేది ఏమిటి? దర్శనం సంగతి తరవాత. "కొండమీద గది దొరికిందా, కిందనే వుండిపోయారా?" అని. కొండమీద గది దొరికితే సగం యాత్ర గట్టెక్కినట్టే. పెద్దవాళ్ళు కాసేపు నడుం వాల్చవచ్చు, పసివాళ్ళకి పాలు పట్టుకోవచ్చు, తెల్లవారుఝామున లేచి నాలుగడుగులు వేస్తే చాలు. సరిగ్గా ఈ ప్రశ్నే ఇప్పుడు మనలో చాలామందికి సముద్రాల అవతల కూడా ఎదురవుతోంది. అయితే అక్కడున్నది వెంకన్న కాదు, మిక్కీ ఎలుక!

పిల్లలు అమెరికాలో వున్న తల్లులకి ఈ సంగతి కొత్త కాదు. వేసవిలో మనం వెళతాం. అక్కడి బడులకీ అప్పుడే పెద్ద సెలవులు. "అమ్మా, ఈసారి మిమ్మల్ని ఫ్లోరిడా తీసుకెళతాం, డిస్నీ వరల్డ్ చూపిస్తాం" అంటారు. ఆ వెంటనే మీమాంస మొదలవుతుంది. పార్కువాళ్ళ సొంత హోటల్లో లోపలే దిగడమా, బయట చవగ్గా ఏదైనా చూసుకోవడమా? లోపల అద్దె ఎక్కువ, ఒక్కొక్కప్పుడు రెట్టింపు కూడా. అంత డబ్బుకి తగ్గ ఫలం వుందా అన్నది ప్రశ్న. నేను రెండు రకాలుగానూ దిగి చూశాను గనక, నాకు తెలిసినది మీతో చెప్పుకుంటాను.

2018 వేసవిలో మొదటిసారి వెళ్ళాం. నేనూ, మావారూ, అమ్మాయీ, అల్లుడూ, నాలుగేళ్ళ మనవడూ. అల్లుడు లోపలి హోటలే తీసుకుందామన్నాడు. "ఎందుకు బాబూ అంత డబ్బు? రాత్రి పడుకోడానికేగా!" అని అడ్డం పడ్డది నేనే. చివరికి పార్కుకి అరగంట దూరంలో వంటగది వున్న బస ఒకటి తీసుకున్నాం. స్టవ్వూ, ఫ్రిజ్జూ, గిన్నెలూ అన్నీ వున్నాయి. రైస్ కుక్కరు మేమే పట్టుకెళ్ళాం. నాలుగు రాత్రుళ్ళకీ కలిపి నాలుగువందల డాలర్లు మిగిలాయని నేను పడ్డ సంబరం ఇంతా అంతా కాదు.

ఆ సంబరం మర్నాడు తెల్లవారుఝాము నాలుగున్నర దాకానే. ఆ పార్కులోకి మన తిండి మనం పట్టుకెళ్ళవచ్చు, గాజు సీసాలు మాత్రం పనికిరావు. ఇంకేం, లేచి అన్నం వండి, పులిహోర కలిపి, పెరుగన్నం డబ్బాలకి సర్ది, మావారి మందులూ, పిల్లాడి బట్టలూ సంచిలో పెట్టుకుని బయలుదేరేసరికి ఎనిమిది. అక్కడ ఇంకో సంగతి వుంది. మ్యాజిక్ కింగ్‌డమ్ అనే పెద్ద పార్కుకి కారు నిలిపే చోటు గేటు దగ్గర వుండదు. మధ్యలో పెద్ద చెరువు. కారు ఇవతల ఆపి, అక్కడినుంచి పెద్ద పడవలో గాని, మోనోరైలులో గాని అవతలికి వెళ్ళాలి. పిల్లాడికి అదొక సరదా. మావారి మోకాళ్ళకి మాత్రం కాదు.

ఫ్లోరిడాలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన కోస్తా ఎండే అనుకోండి. వుక్క, చెమట. మధ్యాహ్నమయ్యేసరికి ఉరుములతో వాన పడడం అక్కడ మామూలు. ఆ రోజు రెండు గంటలకి పిల్లాడు నిద్రకి ఏడుపు. మావారికి పాదాలు పొంగాయి. గదికి పోయి వద్దామా అంటే మళ్ళీ పడవ, మళ్ళీ కారుదాకా నడక, అరగంట ప్రయాణం. తిరిగి రావాలంటే అవన్నీ ఇంకోసారి. పోయి రావడానికే రెండు గంటలు పైన పడుతుంది. సరే, ఓర్చుకుందామని ఒక చూరుకింద బెంచీ మీద కూచుండిపోయాం. సాయంత్రం అయ్యేసరికి ఎవరికీ ఓపిక లేదు. రాత్రి కోట మీద కాల్చే బాణసంచా చూడాలని పిల్లాడు నెలరోజులనుంచీ కలవరిస్తున్నాడు. అది మొదలయ్యే వేళకి వాళ్ళ నాన్న భుజం మీద గాఢనిద్ర. జనంలో నిలబడలేక మావారు వెనకెక్కడో కూలబడ్డారు. ఆయన పక్కన ఖాళీ డబ్బాల సంచి పట్టుకుని నేను. బాణసంచా చప్పుడు మాత్రం విన్నాం.

బసకి చేరేసరికి పదకొండున్నర. పొద్దుటి గిన్నెలు సింకులో అలాగే వున్నాయి. "పొద్దున్న కడుక్కుందాంలే అమ్మా" అంది అమ్మాయి. పొద్దున్న అంటే నాలుగున్నరేగా!

మావారికి పద్దులు రాసే అలవాటు. తిరిగొచ్చాక పుస్తకం మూస్తూ, "నాలుగువందలు మిగిలాయి గాని, నాలుగు సాయంత్రాలు పోయాయే" అన్నారు. తప్పు పార్కుదీ కాదు, మేం దిగిన బసదీ కాదు. తప్పు నా లెక్కది. ఆ లెక్కే ఇప్పుడు సరిచేసి చెబుతాను.

ముందు, ఈ లోపలి హోటళ్ళు అసలెందుకు కట్టారో తెలుసుకుంటే మంచిది. వాల్ట్ డిస్నీ మొదటి పార్కు డిస్నీలాండ్‌ని కాలిఫోర్నియాలో అనహైమ్ అనే చోట 1955 జూలై 17న తెరిచాడు. స్థలం 160 ఎకరాలు. ఉన్న డబ్బంతా పార్కుకే అయిపోయింది, హోటలుకి మిగల్లేదు. ఆ హోటలు జాక్ రాథర్ అనే ఆయన తన డబ్బుతో కట్టుకుని అదే సంవత్సరం అక్టోబరులో తెరిచాడు. డిస్నీ కంపెనీ చేతికి అది వచ్చింది 1988లో. ఈలోగా పార్కు చుట్టూ ఎవరికి తోచినట్టు వాళ్ళు లాడ్జీలు కట్టి బాగుపడ్డారు. అంటే జనాన్ని రప్పించింది ఒకరు, పక్కల అద్దె తిన్నది ఇంకొకరు. ఆ పాఠం వొంటబట్టి, ఫ్లోరిడాలో రెండో పార్కు తలపెట్టినప్పుడు వేరే వేరే కంపెనీల పేర్లతో గుట్టుగా 27,000 ఎకరాలకి పైగా కొన్నారు. 1965 అక్టోబరుకి గాని కొంటున్నదెవరో లోకానికి తెలియలేదు. 1971 అక్టోబరు 1న డిస్నీ వరల్డ్ తెరిచినప్పుడు పార్కుతోపాటే సొంత హోటళ్ళూ తెరిచారు.

కాబట్టి మొదటి మాట: లోపలి హోటలు మనమీద ప్రేమతో కట్టింది కాదు. మన డబ్బు గేటు దాటిపోకుండా కట్టింది. అందులో తప్పేమీ లేదు, వ్యాపారం. కాని కొనేది ఏమిటో తెలిసి కొనాలి. కూరగాయల బుట్ట ముందు కూచున్నప్పుడు మనకి ఎవరూ నేర్పక్కర్లేని సంగతే ఇది.

ఏమిటి మరి మనం కొనేది? లోపల హోటళ్ళు మూడు తరగతులు. అడుగు తరగతిలో గది సుమారు 260 చదరపు అడుగులు, నలుగురికి సరిపోతుంది. పై తరగతి గదులు పెద్దవి, అద్దెలూ అంతకంత పెద్దవి. ఏ తరగతిలో దిగినా కొన్ని సౌకర్యాలు అందరికీ సమానం. రోజూ పార్కు తెరిచే వేళకన్నా అరగంట ముందు లోపలికి వెళ్ళనిస్తారు. పార్కులకి బస్సులు వుచితం. కొన్ని హోటళ్ళకి పడవలు, మోనోరైలు, 2019లో వచ్చిన తీగమీది పెట్టెలు కూడా వున్నాయి. మ్యాజిక్ కింగ్‌డమ్‌కి పోయే బస్సు చెరువు చుట్టూ తిరిగి గేటు దగ్గరే దింపుతుంది. సొంత కారులో వెళ్ళినా పార్కుల దగ్గర పార్కింగుకి డబ్బు తీసుకోరు. బయటివాళ్ళకి అది రోజుకి 30 డాలర్లో, ఇంకా ఎక్కువో అవుతుంది. పై తరగతిలో దిగినవాళ్ళకి మాత్రమే కొన్ని రాత్రుళ్ళు పార్కు మూశాక మరో రెండు గంటలు వుండనిస్తారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఎప్పుడో వెళ్ళొచ్చిన వదినగారి మాట విని బయలుదేరకండి. విమానాశ్రయం నుంచి హోటలుకి వుచితంగా తీసుకెళ్ళే బస్సు 2005లో పెట్టారు, 2022 జనవరిలో ఎత్తేశారు. వరసలో నిలబడకుండా లోపలికి పోయే చీటీ 2020 దాకా టిక్కెట్టుతోపాటే వుచితం, ఇప్పుడది డబ్బిచ్చి కొనుక్కోవాలి. కొనడంలో కూడా లోపల దిగినవాళ్ళకి 7 రోజుల ముందూ, బయటివాళ్ళకి 3 రోజుల ముందూ అవకాశం. ఈ నియమాలు తరచు మారుతుంటాయి. వెళ్ళేముందు పిల్లలచేత మళ్ళీ ఒకసారి చూపించుకోండి.

ఇప్పుడు లెక్క. ఇవి ఉదాహరణకి వేసిన అంకెలే సుమండీ. తాతా అమ్మమ్మలతో కలిపి ఆరుగురున్న కుటుంబం అనుకుందాం. అందరికీ కలిపి బయట బస రాత్రికి 150 డాలర్లు. లోపల గదికి నలుగురే గనక రెండు గదులు కావాలి. ఒక్కొక్కటి 180 చొప్పున 360. మనబోటి పెద్ద కుటుంబాలకి అసలు దెబ్బ ఇక్కడే తగులుతుంది. తేడా 210. అందులోంచి పార్కింగు 30 తీసేయండి, 180. బయట హోటళ్ళు చాలా చోట్ల అద్దె మీద రిసార్టు ఫీజు అని విడిగా వేస్తారు. అది వుంటే అదీ తీసేయండి. మిగిలినది మనిషికి 30 డాలర్లు, అంతకన్నా తక్కువ.

దాని పక్కనే ఇంకో అంకె రాయండి. పార్కు టిక్కెట్టు మనిషికి రోజుకి 100 డాలర్లకి పైమాటే, రద్దీ రోజుల్లో 200 దాకా పోతుంది. మూడేళ్ళు దాటిన పిల్లలకీ టిక్కెట్టే. ఆరుగురికి ఎంత లేదన్నా 600 డాలర్లు పోసి లోపలికి వెళ్ళాం. మధ్యాహ్నానికి ముసలివాళ్ళూ పసివాళ్ళూ సోలిపోతే, సాయంత్రం చల్లబడ్డాక చూడవలసినదంతా నేలపాలు. నేను 2018లో గది అద్దె పక్కన గది అద్దే వేసి చూశాను. వేయవలసింది పోయిన సాయంత్రం ఖరీదు. లోపలి హోటలుకి మనం ఎక్కువ ఇచ్చేది పరుపు కోసం కాదు, మధ్యాహ్నం ఒంటిగంటకి గదికి పోయి, ఐదు గంటలకి మళ్ళీ రాగలగడం కోసం. దాన్ని వాడుకునేవాళ్ళకి ఆ డబ్బు దండగ కాదు. వాడుకోనివాళ్ళకి ముమ్మాటికీ దండగే.

2023లో మళ్ళీ వెళ్ళాం. ఈసారి మనవడికి తొమ్మిదేళ్ళు, తరవాత పుట్టిన మనవరాలికి నాలుగు. అల్లుడు ఫోనులో, "అత్తయ్యగారూ, ఈసారీ వంటగదేనా?" అని నవ్వాడు. "వద్దు బాబూ, లోపలే. కాని రెండు రాత్రుళ్ళే" అన్నాను. ఎందుకంటే దిగే రోజూ, ఖాళీచేసే రోజూ కూడా ఆ సౌకర్యాలన్నీ వర్తిస్తాయి. పొద్దున్నే వెళ్ళి సామాను హోటల్లో అప్పగించి పార్కుకి పోవచ్చు, గది తరవాత తీసుకోవచ్చు. రెండు రాత్రుళ్ళ అద్దెకి మూడు రోజులు కలిసొస్తాయి. అడుగు తరగతిలో రెండు గదులు తీసుకున్నాం. మిగతా రెండు రాత్రుళ్ళూ బయట చవక బసలో వుండి చుట్టుపక్కల చూసుకున్నాం.

ఇంటినుంచి మొదటిరోజుకి పులిహోరా, చపాతీలూ, పొడీ పట్టుకెళ్ళాం. పెరుగు గదిలోని చిన్న ఫ్రిజ్జులో పెట్టుకున్నాం. తరవాత ఏది దొరికితే అది తిన్నాం. పొద్దున్న ఆ అరగంటలో పిల్లలకి రెండు ఆటలు అయిపోయాయి. పన్నెండున్నరకి బస్సెక్కి గదికి వచ్చేశాం. మనవడు వాళ్ళ నాన్నతో ఈతకొలనుకి పోయాడు. మావారు కాళ్ళు దిండుమీద పెట్టుకుని పడుకున్నారు. మనవరాలు నిద్రపోయింది. దాని పక్కన నేనూ వాలాను.

లేచేసరికి నాలుగు. కాసేపు ఎక్కడున్నానో తెలియలేదు. పొయ్యిమీద ఏమీ లేదు. రాత్రికేం వండాలన్న ఆలోచన లేదు. పెళ్ళయిన నలభై ఏళ్ళలో ఎవరి ఆకలీ తలుచుకోకుండా పట్టపగలు మూడు గంటలు నిద్రపోవడం అదే మొదలేమో. ఆ రాత్రి బాణసంచా వేళకి పిల్లది తాతయ్య పక్కనే నిలబడి, ఒక్కొక్కటి పేలినప్పుడల్లా ఆయన చెయ్యి లాగుతోంది. ఆయనా నిలబడే చూశారు.

అప్పుడనిపించింది నాకు. మొదటిసారి మిగిలాయనుకున్న నాలుగువందలు ఎక్కడినుంచి మిగిలాయి? నా నాలుగున్నర మేలుకొలుపులోంచీ, అమ్మాయి కడిగిన గిన్నెల్లోంచీను. "వంటగది వుంది, చవక" అంటాం. ఆ వంటగదిలో నిలబడేది ఎవరు? ఆ కూలి ఏ పద్దులోనూ పడదు. సెలవు ఇంటిల్లిపాదికీ, వంటమనిషికి తప్ప. ఆ మాట ఎవరో మనతో అన్నది కాదు. నాచేత నేనే అనిపించుకున్నాను.

అలాగని అందరూ లోపలే దిగాలని నేననను. ఒక్కరోజు చూసి పోయేవాళ్ళకి అక్కర్లేదు. పదహారేళ్ళ పిల్లలు, పొద్దున్న వెళితే రాత్రి మూసేదాకా కదలరు; వాళ్ళకి గది ఎక్కడైతేనేం? షుగరు వున్నవాళ్ళకి, వేళకి మన అన్నమే పడాలనుకునేవాళ్ళకి వంటగది వున్న బసే మేలు. కాని ఆ వంట పంచుకునేందుకు నలుగురూ ముందే ఒప్పుకోవాలి. ఇక పై తరగతి హోటళ్ళ సంగతి. 2001లో తెరిచిన యానిమల్ కింగ్‌డమ్ లాడ్జిలో కొన్ని గదుల బాల్కనీలోంచి జిరాఫీలూ, చారల గుర్రాలూ మేస్తూ కనిపిస్తాయి. పగలు గదిలో కూచుని చూసే తీరిక వుంటే అది ముచ్చటే. రాత్రి పదింటికి వచ్చి పక్కమీద పడేవాళ్ళకి జిరాఫీకి అద్దె కట్టడం ఎందుకు?

ఆ వూళ్ళోనే యూనివర్సల్ అనే ఇంకో పార్కు వుంది. దాని లెక్క వేరు. అక్కడ పోర్టొఫినో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్ అనే మూడు ఖరీదైన హోటళ్ళలో దిగితే, పాత పార్కులు రెండింటిలోనూ వరస తప్పించే పాసు గదిలో వున్న అందరికీ వుచితం. 2025లో తెరిచిన ఎపిక్ యూనివర్స్ అనే కొత్త పార్కుకి అది చెల్లదు. దిగిన రోజూ, ఖాళీచేసిన రోజూ చెల్లుతుంది గనక ఒక్క రాత్రికి రెండు రోజులు. నలుగురికి రెండేసి రోజుల పాసులు విడిగా కొంటే ఎంతవుతుందో, గది అద్దె ఎంతో, పక్కపక్కన వేసి చూడండి. చాలాసార్లు గదే చవగ్గా తేలుతుంది. ఖరీదైనదల్లా దండగ కాదనడానికి ఇదో నిదర్శనం.

అమెరికా వెళ్ళనివాళ్ళకి ఇదంతా ఎందుకంటారేమో. మన హైదరాబాదు దగ్గర, విజయవాడ రోడ్డుమీద, 1996లో వెలిసిన రామోజీ ఫిల్మ్ సిటీ వుందిగా. అక్కడా లోపలే సితార, తార అని హోటళ్ళున్నాయి. అక్కడికీ ఇదే లెక్క. హైదరాబాదులో ఇల్లో, చుట్టాలిల్లో వున్నవాళ్ళు పొద్దున్న వెళ్ళి రాత్రికి వచ్చేయవచ్చు. విశాఖపట్నం నుంచో, తిరుపతి నుంచో అత్తగారినీ, పసిపిల్లనీ వెంటబెట్టుకుని వచ్చేవాళ్ళు ఒక్క రాత్రి లోపల దిగే సంగతి ఆలోచించవచ్చు. అయితే అడిగి తీసుకోండి: అద్దెలో చూడ్డానికి టిక్కెట్టు కలిసిందా, ఫలహారం కలిసిందా, మధ్యలో గదికి వచ్చి మళ్ళీ వెళ్ళనిస్తారా? మూడో ప్రశ్న మరిచిపోకండి, అసలు విలువంతా అందులోనే వుంది.

ఈసారి ప్రయాణానికి కాగితం ముందు పెట్టుకున్నప్పుడు అద్దె, టిక్కెట్లు, తిండి అని రాస్తారు కదా, వాటికింద ఇంకో రెండు గీతలు గీయండి. మధ్యాహ్నం ఒంటిగంటకి ఎవరు ఎక్కడ నడుం వాలుస్తారు? పొద్దున్న నాలుగున్నరకి ఎవరు లేస్తారు? ఈ రెండింటికీ జవాబు రాశాక, లోపలో బయటో మీకే తెలిసిపోతుంది. రెండోదాని ఎదురుగా ఎప్పుడూ ఒకే పేరు పడుతోందేమో, అదీ చూసుకోండి.